వార్డు కౌన్సిలర్ నెలవారీ నివేదిక: జనం చదవాలంటే అందులో ఏం ఉండాలి?

చెల్లీ, మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీరు మున్సిపాలిటీలో కొత్తగా కౌన్సిలర్‌గా గెలిచారు. ప్రతి నెలా ఆరోగ్యం గురించి, కొత్త చట్టాల గురించి వార్డు జనానికి ఒక నివేదిక ఇస్తానని ఎన్నికల్లో మాటిచ్చారు. రెండు నెలలు ఇచ్చారు కూడా. వాట్సాప్ గ్రూపులో దండం పెట్టే బొమ్మలు వచ్చాయి తప్ప ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఎక్కడ పొరపాటు జరుగుతోందని అడుగుతూ ఆ రెండు నెలల కాగితాలూ జత చేశారు.

రెండూ పూర్తిగా చదివాను. శ్రద్ధగా రాశారు. కానీ మొదటి పేజీ నిండా మీరు వెళ్లిన కార్యక్రమాలు, హాజరైన సమావేశాలు ఉన్నాయి. రెండో పేజీలో ఆరోగ్య పథకాల పేర్లు, పార్లమెంటులో పెట్టిన బిల్లుల జాబితా ఉంది. చదివే మనిషి ఉండే గల్లీ మాత్రం అందులో ఎక్కడా లేదు. మా నల్లాలో మురికి నీళ్లు ఎందుకు వస్తున్నాయి, మోరీ ఎప్పుడు తీస్తారు, పాప బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఎక్కించాలంటే ఎవరి దగ్గరికి పోవాలి, ఇవి వాళ్ల ప్రశ్నలు. వీటిలో ఒక్కదానికైనా జవాబు దొరికితే కాగితాన్ని దాచుకుంటారు. దొరక్కపోతే దండం పెట్టి ఊరుకుంటారు.

నేను తెలంగాణలో ఒక చిన్న పట్టణంలో 2014లో ఒకసారి, 2020లో మరోసారి కౌన్సిలర్‌గా గెలిచాను. మొదటి ఐదేళ్లూ మీలాగే రాశాను. రెండోసారి పద్ధతి మార్చుకున్నాను: నేను ఎక్కడికి వెళ్లానో రాయడం మానేసి, వార్డులో ఏం కొలిచానో, ఏ పని ఇంకా కాలేదో రాయడం మొదలుపెట్టాను. 2025 జనవరిలో పదవీకాలం ముగిసేదాకా ఒక్క నెల కూడా ఆపలేదు. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ఆరోగ్యం అనగానే దవాఖానా, డాక్టరు, ఆరోగ్యశ్రీ కార్డు గుర్తొస్తాయి. అవి ముఖ్యమే, కానీ కౌన్సిలర్ చేతిలో నేరుగా ఉండే ఆరోగ్యం నీళ్లు, మోరీ, చెత్త, దోమ. రాజ్యాంగంలోని 12వ షెడ్యూలు పురపాలక సంఘాలకు 18 అంశాలు ఇచ్చింది. నీటి సరఫరా, ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ అందులోనే ఉన్నాయి. కాబట్టి మీ నివేదికలో మొదటి వరుస నీళ్లది కావాలి.

ఒక సంగతి చెప్తాను. ఒక వానాకాలంలో మా వార్డు చివరి గల్లీలో నాలుగు ఇళ్లలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆశా వర్కరు వచ్చి చెప్పింది. ట్యాంకు దగ్గర రిజిస్టరు చూస్తే, క్రిములు చావడానికి నీళ్లలో కలిపే క్లోరిన్ 0.5 అని రోజూ ఒకే అంకె ఉంది, ఒకే పెన్నుతో ఒకేసారి కూర్చుని రాసినట్టు. మర్నాడు పొద్దున నీళ్లు వదిలే వేళకి ఫిట్టర్‌ని, ఆశాని వెంటబెట్టుకుని, క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపు తీసుకుని బయల్దేరాను. అది చేతిలో పట్టేంత ప్లాస్టిక్ పెట్టె. అందులో రెండు గొట్టాలు, పక్కన లేత పసుపు నుంచి ముదురు పసుపు దాకా అంకెలతో రంగు మెట్లు ఉంటాయి. గొట్టంలో గీత దాకా నల్లా నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే వెంటనే పసుపు వస్తుంది. ట్యాంకు పక్క ఇంట్లో పసుపు బాగానే వచ్చింది. అంగన్‌వాడీ దగ్గర ఉందా లేదా అన్నట్టుంది. చివరి ఇంట్లో గొట్టాన్ని ఎంత ఊపినా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఆ ఇంటావిడ చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని చూస్తూ, "ఏం రంగు రాలేదంటే నీళ్లు మంచివే కదా మేడం?" అని అడిగింది. ఆమె అనుకున్నదాంట్లో తప్పేం లేదు. నీళ్లు తేటగా ఉంటే మంచివనే మనందరం అనుకుంటాం.

అంగన్‌వాడీకీ ఆ ఇంటికీ మధ్యలో వెతికితే, పైపు మోరీ అడుగునుంచి పోతున్న చోట జాయింటు కారుతోంది. నీళ్లు వదిలినప్పుడు లోపలి ఒత్తిడికి నీళ్లు బయటికి చిమ్ముతాయి. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అయి అదే సందులోంచి మోరీ నీళ్లను లోపలికి లాక్కుంటుంది. మన పట్టణాల్లో రోజుకి గంటో రెండు గంటలో నీళ్లొస్తాయి కాబట్టి మిగతా సమయమంతా పైపు ఇలా మురికిని లాగుతూనే ఉండొచ్చు. ఆ మురికితో పోరాడటంలోనే క్లోరిన్ ఖర్చైపోయి చివరి ఇంటికి సున్నా మిగులుతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నల్లా దగ్గర కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ట్యాంకు దగ్గర ఎంత వేశారన్నది కాదు, చివరి నల్లాలో ఎంత మిగిలిందన్నదే లెక్క.

ఆ నెల నివేదికలో వేరే ఏమీ రాయలేదు. ట్యాంకు పక్క ఇల్లు, అంగన్‌వాడీ, బడి, మసీదు దగ్గరి నల్లా, చివరి గల్లీ అని ఐదు చోట్లు, ఎదురుగా ఐదు అంకెలు, కింద ప్రమాణం 0.2, ఆ కింద "జాయింటు మార్చాలని ఈ తేదీన రాతపూర్వకంగా అడిగాం" అని రాశాను. వచ్చే నెల కూడా అవే ఐదు చోట్లు. మూడో నెల నేను రెండు రోజులు ఆలస్యం చేస్తే కిరాణా షాపాయన ఫోన్ చేసి "మేడం, ఈ నెల నంబర్లు ఇంకా అతికించలేదేంది?" అని అడిగాడు. నివేదిక చదువుతున్నారని నాకు అప్పుడే నమ్మకం కలిగింది.

మీరూ ఐదు నల్లాలు ఎంచుకోండి, వాటిని మార్చకండి. ఎప్పుడూ నీళ్లు బాగా వచ్చే చోట్లే కొలిస్తే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు. చివరి ఇల్లు తప్పకుండా ఉండాలి. సూక్ష్మక్రిములు ఉన్నాయో లేదో చూసే చిన్న సీసాలు కూడా ఉంటాయి. వాటిలో నీళ్లు పోసి ఒకట్రెండు రోజులు ఉంచితే కలుషితమైన నీళ్లు నల్లబడతాయి. ఆ నల్లబడ్డ సీసాని కౌన్సిల్ సమావేశంలో బల్లమీద పెడితే పది వినతిపత్రాలు చేయలేని పని చేస్తుంది. నేను పెట్టాను. ఇంజనీరు గారు ఆ సాయంత్రమే గల్లీకి వచ్చారు.

ఇదే చోట విరేచనాల గురించి రెండు వాక్యాలు ప్రతి వానాకాలం రాయండి: ఓఆర్ఎస్ వెంటనే మొదలుపెట్టాలి, దాంతో పాటు జింకు మాత్ర 14 రోజులు ఇవ్వాలి, విరేచనాలు రెండో రోజే ఆగినా జింకు ఆపకూడదు. చాలామంది తల్లులకు ఈ 14 రోజుల సంగతి తెలీదు. రెండూ ఆశా దగ్గర ఉచితంగా దొరుకుతాయి.

దోమల దగ్గరికొద్దాం. మీ రెండో నెల కాగితంలో "వార్డు అంతటా ఫాగింగ్ చేయించాను" అని రాశారు. జనం అడిగేదీ అదే, కంటికి పొగ కనిపిస్తుంది కాబట్టి. ఫాగింగ్ ఎగిరే దోమను చంపుతుంది, తొట్టిలోని పిల్లదోమను ముట్టుకోదు. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది, మోరీలో కాదు, ఇంట్లో నిలవ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి శుక్రవారం తొట్లు ఖాళీ చేసి ఆరబెట్టే డ్రై డే పెట్టారు. ఇంకో మాట, నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు తొట్టి గోడకు అతుక్కుని నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి, మళ్లీ నీళ్లు పోయగానే పొదుగుతాయి. పీచు పెట్టి గోడలు తోమాలి. మా వార్డులో ఎక్కువసార్లు దొరికింది కూలర్ అడుగున, ఫ్రిజ్ వెనక ట్రేలో, మిద్దె మీద వాడని గోళెంలో, పాత టైర్లలో. ఫ్రిజ్ వెనక ట్రే ఉంటుందనే చాలామందికి తెలీదు. నేను టార్చి వేసి చూపిస్తే, తోకలాడిస్తూ పైకీ కిందకీ కదులుతున్న పురుగుల్ని చూసి ఒక టీచరమ్మ నోటమాట రాక నిలబడిపోయింది.

కాబట్టి ఫాగింగ్ ఎన్నిసార్లు చేశారో రాయకండి. ఎన్ని ఇళ్లు చూశారు, ఎన్నింట్లో పిల్లదోమలు దొరికాయి, ఈ రెండంకెలు గల్లీవారీగా రాయండి. మా ఎదురు గల్లీ కన్నా మాకే ఎక్కువ ఉన్నాయే అన్న పట్టుదల గల్లీకి వస్తుంది. ఇల్లు నంబరు మాత్రం రాయొద్దు.

దీనికి కారణం ఉంది. ఒకసారి నేను "ఫలానా గల్లీ మూలమీది ఇంట్లో ఒకరికి డెంగీ" అని రాశాను. జాగ్రత్త పడతారని నా ఉద్దేశం. ఆ ఇంట్లో టిఫిన్ సెంటరు ఉంది. మూడు వారాలు ఎవరూ అటు తొంగి చూడలేదు. ఆ తల్లి మా ఇంటికొచ్చి ఏడ్చింది. నేను క్షమించమని అడిగాను, వచ్చే నెల కాగితంలో తప్పు రాశానని ఒప్పుకున్నాను. కానీ ఆమెకు పోయిన బేరం పోయినట్టే. ఆ రోజు నుంచి జబ్బు పేరు పక్కన మనిషికి గానీ ఇంటికి గానీ గుర్తు ఉండకూడదని నియమం పెట్టుకున్నాను. హెచ్ఐవీ విషయంలోనైతే గోప్యత చట్టమే కోరుతోంది. టీబీ విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. టీబీ ఉన్నవాళ్లకు పోషకాహారానికి ఇచ్చే డబ్బు 2024 నవంబరు 1 నుంచి నెలకు 500 నుంచి 1,000 రూపాయలైంది, అది బ్యాంకు ఖాతాలో పడకపోతే ఫలానా చోట అడగాలని అందరికీ రాయండి. ఎవరికి పడలేదో మాత్రం ఒంటరిగా, ఇంటికెళ్లి కనుక్కోండి.

డెంగీ జ్వరం గురించి రాసేటప్పుడు ప్లేట్‌లెట్ల భయం కూడా తీర్చండి. లక్షకు పడిపోయాయనగానే ఇంటిల్లిపాదీ టెన్షన్ పడి అప్పు చేసి ఎక్కిస్తున్నారు. జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్తస్రావం లేనప్పుడు పది వేల లోపు పడితేనే ముందుజాగ్రత్తగా ఎక్కించే ఆలోచన చేస్తారు. అసలు ప్రమాదం జ్వరం తగ్గుముఖం పట్టే రోజుల్లో ఉంటుంది. అప్పుడు కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. మీ బస్తీ దవాఖానా డాక్టరు చేత ఈ పేరా ఒకసారి చదివించి అప్పుడు అచ్చు వేయండి. ఆరోగ్యం గురించి మనం రాసే ప్రతి మాటకీ డాక్టరు కన్ను పడాలి.

బీపీ, షుగర్ గురించి పెద్దగా రాయనక్కర్లేదు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ పరీక్ష చేస్తారు, మందులు ఇస్తారు. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ అన్నది చెప్తే చాలు. మందుల స్టాకు లేకపోతే లేదని రాయండి. పనిమానుకుని వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన మనిషి మళ్లీ రాడు.

ఇక చట్టాలు. మీరు బిల్లుల జాబితా ఇచ్చారు. అందులో సగం ఇంకా అమల్లోకి రానివి. ఇది చిన్న విషయం కాదు. బిల్లు ఉభయ సభల్లో గెలవాలి, రాష్ట్రపతి సంతకం కావాలి, గెజిట్‌లో రావాలి. అప్పటికీ అది అమలయ్యే తేదీ వేరుగా ఉండొచ్చు. హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టానికి 2017 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అమల్లోకి వచ్చింది 2018 సెప్టెంబరు 10న. కార్మిక చట్టాల నాలుగు కోడ్‌లలో మొదటిది 2019లో, మిగతా మూడూ 2020లో పార్లమెంటు దాటాయి, అమలు 2025 నవంబరు 21న మొదలైంది. "కొత్త చట్టం వచ్చిందంట" అని గల్లీలో ఎవరన్నా అంటే, అది బిల్లా, చట్టమా, ప్రభుత్వ జీవోనా, మన కౌన్సిల్ తీర్మానమా, ఏ తేదీ నుంచి అన్నది ముందు మీకు తెలిసి ఉండాలి. తెలియనంతవరకు నివేదికలో ఎక్కించకండి.

2023లో జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించారు. ఆ సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీన గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు బడిలో చేరడానికి, ఓటరు నమోదుకు, ఆధార్‌కు, డ్రైవింగ్ లైసెన్సుకు, పెళ్లి రిజిస్ట్రేషన్‌కు పుట్టిన తేదీ, చోటు రుజువు చేసే కాగితం బర్త్ సర్టిఫికెట్టే. ఇది వాట్సాప్‌లో ఎలా పాకిందంటే, "పాత సర్టిఫికెట్లు చెల్లవు, అందరూ కొత్తవి తీసుకోవాలి" అని. రెండో రోజు పొద్దున్నే మా మున్సిపల్ ఆఫీసు ముందు లైను కట్టారు. అరవై ఏళ్ల పెద్దాయన, కూలి మానుకుని, పదో తరగతి మెమో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నిలబడ్డాడు. పుట్టింది 1960ల్లో. ఆయనకు ఆ సవరణతో సంబంధమే లేదు. ఆ లైను చివరి నుంచి మొదటి దాకా నడుస్తూ ఒక్కొక్కరికీ చెప్పి పంపించాను. సాయంత్రం అర పేజీ కాగితం వేశాను: ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు, ఇప్పుడు ఏం చేయాలి.

ఆ "ఏం చేయాలి" భాగమే అసలైనది. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో నమోదు కావాలి. దవాఖానాలో పుడితే సమాచారం వాళ్లే పంపుతారు. ఇంట్లో పుడితే మనమే చెప్పాలి. 21 దాటి 30 రోజుల లోపైతే ఆలస్య రుసుముతో సరిపోతుంది. 30 రోజులు దాటితే అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోవాల్సి వస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది పేరు దగ్గర. పుట్టినప్పుడు పేరు పెట్టం, "బేబీ ఆఫ్" అని తల్లి పేరుతోనే సర్టిఫికెట్ వస్తుంది, బడికెళ్లే వయసొచ్చాక గుర్తొస్తుంది. నమోదైన 12 నెలల్లో పేరు ఎక్కిస్తే రుసుము లేదు, ఆ తర్వాత రుసుము కట్టి ఎక్కించుకోవచ్చు. నేను ప్రతి మూడు నెలలకోసారి ఈ నాలుగు వాక్యాలు మళ్లీ అచ్చు వేసేదాన్ని. కొత్తగా పిల్లలు పుడుతూనే ఉంటారు కదా, పాతబడే సమాచారం కాదది.

ఆరోగ్యం, చట్టం రెండూ ఒకే చోట కలిసే విషయం ఒకటుంది, దీన్ని మీరు తప్పకుండా రాయాలి: సెప్టిక్ ట్యాంకు. 2013 నాటి చట్టం మనిషిని రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి దించడాన్ని నేరం చేసింది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. పనికి పెట్టినవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. ఇంటి యజమానికి మినహాయింపు లేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి చావులకు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది.

ఒక మధ్యాహ్నం మా వార్డులో ఒక ఇంటి ముందు ఇద్దరు మనుషులు బనియన్లు విప్పి తాడు సరిచేసుకుంటున్నారు. మూత తీసి ఉంది. ఒకతనికి ఇరవై ఏళ్లుంటాయేమో. కిరోసిన్ దీపం దించి చూశాం, ఆరలేదు కాబట్టి ఫర్వాలేదు అన్నారు. ఆక్సిజన్ ఉంటే దీపం వెలుగుతుంది, నిజమే. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఎంత ఉందో దీపం చెప్పదు. అది కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, ఎక్కువైతే ముక్కు వాసనే పట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు ఒక్క ఊపిరికే పడిపోతాడు, వాణ్ణి తీయడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. మన ఊళ్లలో ఈ చావులు జంటగా, మూడుగా జరగడానికి కారణం ఇదే. నేను ఆ మూత మీద చెయ్యి పెట్టి అక్కడే కూర్చున్నాను, ట్యాంకు తోడే మున్సిపాలిటీ బండి వచ్చేదాకా లేవలేదు. ఇంటాయన ముందు కోపగించుకున్నాడు. చట్టం సంగతి చెప్తే రంగు మారిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు, బండికి డబ్బు ఎక్కువని ఇలా పిలిచాడంతే. ఆ నెల కాగితంలో మున్సిపాలిటీ బండి నంబరు, రేటు, సెప్టిక్ ట్యాంకు, మ్యాన్‌హోల్ పనులకున్న 14420 హెల్ప్‌లైన్ పెద్ద అక్షరాల్లో వేశాను. ఆ తర్వాత ప్రతి నెలా చివరి వరుసలో అది ఉండేది.

ఇక కౌన్సిల్‌లో జరిగేది. మన చేతిలో నిజంగా ఉన్న "శాసనం" అదే. ఎజెండా ముందుగా వస్తుంది కదా, అందులో మీ వార్డుకు తగిలే అంశాలు రెండో మూడో ఉంటాయి: మోరీ టెండరు, చెత్త బండ్ల అద్దె, బ్లీచింగ్ పౌడర్ కొనుగోలు. అంశం ఏంటి, ఎంత డబ్బు, మీరేం మాట్లాడారు, ఏ నిర్ణయమైంది అని నాలుగు ముక్కలు రాయండి. మీరు ఓడిపోయినా రాయండి. తెలంగాణ పురపాలక చట్టం, 2019 ప్రకారం ప్రతి వార్డులో యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు ఉండాలి, ఒక్కోదాంట్లో 15 మంది. అంటే అరవై మంది మీ పక్కన నిలబడాలని చట్టమే చెప్తోంది. చాలా చోట్ల అవి కాగితం మీదే ఉంటాయి. మీరు మహిళా కమిటీని నల్లా పరీక్షకు, యువకుల కమిటీని శుక్రవారం తొట్ల తనిఖీకి తీసుకెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇది చదువుతున్నవాళ్లకు వార్డు సచివాలయం ఉంది, ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎం, పారిశుద్ధ్య కార్యదర్శి అక్కడే ఉంటారు, అంకెలు వాళ్ల దగ్గర నుంచే మొదలుపెట్టొచ్చు.

అడిగిన సమాచారం ఆఫీసులో ఇవ్వకపోతే గొడవకు దిగకండి. సమాచార హక్కు చట్టం కింద మామూలు పౌరురాలిగా పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. నేను పదవిలో ఉండగానే రెండుసార్లు పెట్టాను.

ఇంకా పూర్తికాని పనుల జాబితా గురించి మీరు భయపడుతున్నారని ప్రశ్నలో కనిపించింది. "చేయలేదని నేనే రాసుకుంటే ప్రతిపక్షం వాళ్లకు అవకాశం ఇచ్చినట్టు కాదా?" అన్నారు. వాళ్లు ఎలాగూ అంటారు. చివరి గల్లీ మోరీ పని నా కాగితంలో పద్నాలుగు నెలలు పూర్తికాని పనిగానే ఉంది. ప్రతి నెలా పక్కన అంకె మారేది: ఏడో నెల, ఎనిమిదో నెల. అధికారులు నొచ్చుకున్నారు. అందుకే అచ్చుకు రెండు రోజుల ముందు సంబంధిత అధికారికి కాగితం పంపేదాన్ని, అనుమతి కోసం కాదు, అంకె తప్పుంటే సరిదిద్దమని. వాళ్ల కారణం చెప్తే అది కూడా అచ్చు వేసేదాన్ని. ఉద్యోగి పేరు ఎప్పుడూ వేయలేదు, హోదా మాత్రమే. మోరీ పని పూర్తయిన నెల, ఆ గల్లీ వాళ్లే కాగితం మీద పెన్నుతో కొట్టేసి ఫోటో తీసి పంపారు.

కాగితం ఒక్కటే, ఒక వైపే, అక్షరాలు పెద్దవి. మీ ఫోటో వద్దు, ఆ చోటు అంకెలకు కావాలి. రేషన్ షాపు, కిరాణా, అంగన్‌వాడీ, గుడి, మసీదు, చర్చి, టీ హోటల్ దగ్గర అతికించండి. మీ వార్డులో ఉర్దూ మాట్లాడేవాళ్లు ఉంటే ఉర్దూలోనూ వేయండి. చదవలేనివాళ్ల కోసం రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ మీ గొంతుతో పెట్టండి. మా వార్డులో ముసలమ్మలు మనవల చేత దాన్నే మళ్లీ మళ్లీ పెట్టించుకునేవారు.

వానాకాలం దగ్గర పడింది కాబట్టి మీ మూడో నెల కాగితం ఇలా మొదలుపెట్టండి: పైన "పోయిన నెల చెప్పినవాటిలో ఏమైంది" అని రెండు వరుసలు. దాని కింద ఐదు నల్లాల అంకెలు. ఆ కింద ఎన్ని ఇళ్లు చూశారు, ఎన్నింట్లో పిల్లదోమలు. తర్వాత ఒకే ఒక్క చట్టం, ఈ నెలకు బర్త్ సర్టిఫికెట్ పెట్టండి. ఆ తర్వాత కౌన్సిల్‌లో మీ వార్డు అంశాలు, పూర్తికాని పనులు, ఫోన్ నంబర్లు. అంతే, ఇంకేం ఇరికించకండి.

నల్లాల పరీక్షకు వెళ్లే ముందు క్లోరోస్కోపు మందు సీసా మీద గడువు తేదీ చూసుకోండి. చుక్కలు వేసిన వెంటనే, పది సెకన్ల లోపు వెలుతురులో పట్టుకుని రంగు చూడాలి. పక్కన పెట్టి తీరిగ్గా చూస్తే రంగు ముదిరి, లేని క్లోరిన్ ఉన్నట్టు కనిపిస్తుంది. మొదటి అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, చివరి ఇంట్లో ఎంత వచ్చిందో నేను కూడా చూస్తాను.